కప్పలన్నీ ఒకేలా అరుస్తున్నాయనిపిస్తే ఏం చేయాలి?

అమ్మా, మీరు రాసిందాంట్లో నాకు అర్థమైంది ఇదీ. కావలి దగ్గర డిగ్రీ చదువుతున్నారు, సాయంత్రం పూట కప్పల అరుపులు విని నమోదు చేసే పనికి వాలంటీర్‌గా పేరిచ్చారు, గట్టి వాన కురిసిన మర్నాడు మీ ఊరి చెరువు కట్ట మీదికి వెళ్లారు, అంతా ఒకటే రొద వినిపించి కాగితం మీద ఒక్క పేరు కూడా రాయలేక తిరిగొచ్చేశారు. "నాకు చెవి లేదేమో, మానేయమంటారా" అని అడిగారు. పాముల భయంతో ఇంట్లో అమ్మ వద్దంటోందని కూడా రాశారు. ఫోన్లో తీసిన 47 సెకన్ల రికార్డింగ్ పంపారు.

మానేయొద్దు. ఆ రికార్డింగ్ నేను ఇయర్‌ఫోన్ పెట్టుకొని నాలుగుసార్లు విన్నాను. అందులో ఏమున్నాయో చివర్లో చెప్తాను, ముందే చెప్పేస్తే మీరు మిగతాది చదవరు.

నేను నెల్లూరు జిల్లాలో కోవూరుకీ బుచ్చిరెడ్డిపాలేనికీ మధ్య ఒక పల్లెలో ఉంటాను. బడిలో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. పన్నెండేళ్లుగా మా చెరువు దగ్గర, దాని కింద వరి కయ్యల్లో, వానాకాలమంతా వారానికి ఒక సాయంత్రం కూర్చుని వింటున్నాను. మొదటి ఏడాది నాకూ మీలాగే అంతా ఒకటే గోలగా వినిపించింది. వాన పడిన రెండో రాత్రి చెరువు దగ్గరికి వెళ్లడమంటే తిరనాళ్ల మధ్యలో నిలబడి ఎవరెవరు ఏం మాట్లాడుతున్నారో రాయమన్నట్టు. ఎవరికీ కుదరదు. మీరు మొట్టమొదటిసారే అలాంటి రాత్రి వెళ్లారు, అంతే జరిగింది.

ఆ గోల ఎందుకో తెలిస్తే సగం దారి దొరుకుతుంది. అరిచేవి దాదాపు అన్నీ మగ కప్పలే. నోరు మూసుకుని, ఊపిరితిత్తుల్లో గాలిని గొంతు కింది సంచిలోకి, సంచిలో గాలిని మళ్లీ లోపలికి తిప్పుకుంటూ అరుస్తాయి, అందుకే అంత సేపు ఆగకుండా అరవగలవు. ఒక్కో జాతికి ఒక్కో పిలుపు. ఆడకప్ప ఆ రొదలోంచే తన జాతి మగవాడి గొంతు పట్టుకుని అటువైపు గెంతుకుంటూ పోతుంది. అంటే ఆ గొంతుల్లో తేడా కచ్చితంగా ఉంది, మన చెవికి అలవాటు లేదు, అంతే.

అలవాటు చేసుకోవడానికి మొదటి నాలుగైదు సాయంత్రాలు అన్నీ రాయాలని చూడకండి. ఒక్క గొంతు ఎంచుకోండి, ఆ ఒక్కదాని వెనకే పోండి. అది ఎక్కణ్ణుంచి వస్తోంది, నీళ్ల నడిమి నుంచా, ఒడ్డున గడ్డిలోంచా, పొదల మీంచా, పక్కన నిండిన కయ్యలోంచా? ఎంత సేపు అరిచి ఎంత సేపు ఆగుతోంది? రెండు అరచేతులూ చెవుల వెనక దొప్పల్లా పెట్టుకుని తల మెల్లగా అటూ ఇటూ తిప్పితే శబ్దం వచ్చే వైపు చాలా బాగా తెలుస్తుంది, చిన్నపని అనిపిస్తుంది గానీ నాకు ఏ యంత్రమూ ఇంత సాయం చేయలేదు. ముందు కీచురాళ్లను పక్కన పెట్టేయండి. వాటిది సన్నగా, పైస్థాయిలో, దారం లాగినట్టు సాగే శబ్దం. ఆ దారం కింద, కాస్త బరువుగా, ముక్కలు ముక్కలుగా వినిపించేవే మనకు కావాల్సినవి.

ఇప్పుడు మన వైపు వినిపించే గొంతులు. ఊరూరికీ పేర్లు మారిపోతాయి, ఒక ఊళ్లో గోండ్రు కప్ప అంటే ఇంకో ఊళ్లో వేరే కప్ప, అందుకని శాస్త్రీయ నామాలు కూడా చెప్తున్నాను, నోటుబుక్కులో అవే రాయండి.

అన్నిటికంటే ముందు పట్టుబడేది మైక్రోహైలా ఆర్నేటా. బొటనవేలి గోరు కంటే కాస్త పెద్దది, రెండు రెండున్నర సెంటీమీటర్లు. దువ్వెన పళ్ల మీద గోరు పెట్టి గట్టిగా గీస్తే వచ్చే గర్ర్, గర్ర్ అనే శబ్దం దానిది. ఇంత చిన్న ప్రాణి అంత శబ్దం చేస్తుందంటే నమ్మబుద్ధి కాదు, నేనైతే రెండు నెలలు దాన్ని ఏదో పెద్ద కప్ప అనుకుని వెతికాను. ఒడ్డున గడ్డి మొదళ్లలో, గిట్టల గుంటల్లో నిలిచిన నీళ్ల పక్కన కూర్చుని అరుస్తుంది. మీరు విన్న "రొద"లో ముప్పాతిక వంతు ఇదే అయ్యుంటుంది. ముందు దీన్ని నేర్చుకోండి, దీన్ని తీసేసి వినడం వస్తే మిగతావి ఒక్కొక్కటే బయటపడతాయి.

కయ్యల్లో టిక్ టిక్ టిక్ మని వేగంగా, గులకరాళ్లు ఒకదానికొకటి తాకించినట్టు వినిపించేవి మినర్వార్యా అనే వరికయ్యల చిన్న కప్పలు. వీటిలో ఒకదానికొకటి బాగా పోలిన జాతులున్నాయి, చూసి చెప్పడం నిపుణులకే కష్టం, కాబట్టి జాతి దాకా పోకుండా మినర్వార్యా అని రాస్తే చాలు. తెలియని చోట తెలిసినంత వరకే రాయడం ఈ పనిలో చాలా ముఖ్యం.

నీళ్ల మీద రాయి విసిరితే ఎగిరెగిరి పోయినట్టు టపటపా నీటి మీదే గెంతుకుంటూ పారిపోయేది యూఫ్లిక్టిస్ సయనోఫ్లిక్టిస్. మన కాలవల్లో, బావుల్లో, పశువులు తాగే తొట్ల దగ్గర ఏడాది పొడుగునా ఉంటుంది. పగలు కూడా అరుస్తుంది. ట్రుక్ ట్రుక్ మని మొదలుపెట్టి చర్ర్ మని సాగదీస్తుంది. దీని చుట్టమే ఇంకొకటుంది, పెద్దది, ఆకుపచ్చది, యూఫ్లిక్టిస్ హెక్సాడాక్టిలస్. పెద్దయ్యాక నీటి మొక్కలు కూడా తినే కప్ప అది, కప్పల్లో అలాంటివి చాలా అరుదు. జమ్ము, తామర ఉన్న పాత చెరువుల్లో చూడండి.

వీధి లైటు కింద పురుగుల కోసం కూర్చునే గరుకు ఒంటి కప్ప అందరికీ తెలుసు, తల మీద నల్లటి గట్లు, కళ్ల వెనక ఉబ్బిన గ్రంథులు. డట్టాఫ్రైనస్ మెలనోస్టిక్టస్. ఆ డట్టా అనేది మన దేశపు కప్పల శాస్త్రవేత్త సుశీల్ కుమార్ దత్తా గారి పేరు మీద 2006లో పెట్టింది, చెప్పినప్పుడల్లా నాకు సంతోషంగా ఉంటుంది. దీని పిలుపు కుర్ర్ర్ర్ర్ మని దూరంగా ఆయిలింజను తిరుగుతున్నట్టు చాలాసేపు సాగుతుంది. విడిగా వింటే ఎవరైనా పట్టేస్తారు, మైక్రోహైలాల మధ్యలో అయితే దాని కొస మాత్రమే వినిపిస్తుంది.

బోదురు కప్ప, హోప్లోబాట్రకస్ టైగరినస్, దీన్ని చెవితో కంటే ముందు కంటితో చూస్తారు. గట్టి వాన పడ్డ మొదటి రెండు మూడు రోజులు మగ కప్పలు పసుపు ముద్దల్లా మారిపోతాయి, గొంతుకి రెండు వైపులా నీలం రంగు బుడగలు ఉబ్బుతాయి, నిండిన కయ్యలో పది పదిహేను కలిసి ట్రాంక్, ట్రాంక్ అంటుంటే గుండెలో తగులుతుంది. నా చిన్నప్పుడు పెట్రొమాక్స్ లైట్లు పట్టుకుని గోతాల్లో వీటిని పట్టుకెళ్లేవాళ్లను చూశాను, కాళ్లు విదేశాలకు పోయేవి. 1987లో కేంద్రం ఆ ఎగుమతి ఆపేసింది. దీనికి దగ్గరి చుట్టం హోప్లోబాట్రకస్ క్రాసస్‌ను 1850లలో శాస్త్రలోకానికి పరిచయం చేసింది జెర్డాన్ అనే డాక్టరు, ఆయన అంతకు ముందు మన నెల్లూరులోనే సివిల్ సర్జన్‌గా చేశాడు. ఇక్కడి యానాదుల దగ్గర పక్షుల గురించీ జంతువుల గురించీ అడిగి తెలుసుకునేవాడు. కలివి కోడి అనే అరుదైన పక్షికి ఇంగ్లీషులో ఉన్నది ఆయన పేరే. నాకూ నేలలో దాగే కప్పల్ని చూపించింది ఒక యానాది పెద్దాయనే. మన పుస్తకాల్లో లేనిది వాళ్లకు తెలుసు, చెరువు దగ్గర వాళ్లెవరైనా కలిస్తే గౌరవంగా అడగండి, విన్నది రాసుకోండి.

నేలలో దాగేవి అన్నాను కదా, నాకు అన్నిటికంటే ఇష్టమైనవి అవి. యూపెరోడాన్ సిస్టోమా, గాలి నింపిన బంతిలా ఉంటుంది, మూతి చిన్నది. ఏడాదిలో ఎక్కువ కాలం మట్టి కింద చెదలూ చీమలూ తింటూ ఉండిపోతుంది, పెద్ద వాన పడితే పైకొచ్చి కొద్ది రాత్రులు మాత్రమే అరుస్తుంది. గొంతు బొంగురుపోయిన మేక అరిచినట్టు, ఊఆగ్, ఊఆగ్. మొదటిసారి విన్నప్పుడు ఎవరిదో మేకపిల్ల బురదలో దిగబడిందనుకుని నేను నిజంగానే కయ్యలోకి దిగాను. ఇంకోటి స్ఫెరోథెకా, మడమ దగ్గర చిన్న పార లాంటి గట్టి బొడిపె ఉంటుంది, దాంతో వెనక్కి వెనక్కి తవ్వుకుంటూ మట్టిలో దిగిపోతుంది. దాని పిలుపు అవాంగ్, అవాంగ్. ఇసుక నేలలు ఎక్కువున్న చోట వినండి. ఈ రెంటినీ వినాలంటే వాన పడిన ఆ రాత్రీ ఆ మర్నాడు రాత్రీ వెళ్లాల్సిందే, వారం తర్వాత వెళ్తే అసలు ఈ ఊళ్లో అవి ఉన్నాయని కూడా మీకు తెలియదు.

చివరగా చెట్టుకప్ప, పాలీపిడేటిస్ మాక్యులేటస్. బాత్రూమ్ గోడ మీద, నీళ్ల తొట్టి పక్కన పొడుగు కాళ్లు ముడుచుకుని కూర్చునేది ఇదే. ఎండుకర్ర మీద వేలి కణుపుతో కొట్టినట్టు టక్, టక్, టక్‌టక్. గుడ్లు నీళ్లలో పెట్టదు, నీళ్ల పైన ఆకుకో తొట్టి గోడకో నురగ గూడు కడుతుంది, పిల్లలు అందులోంచి కింద నీళ్లలోకి జారతాయి. తెల్లారి వెళ్లి ఆ నురగ కనిపిస్తే రాత్రి విన్నది సరైనదేనని ధైర్యంగా రాయొచ్చు. అలాగే నీళ్లలో జంట పోగుల దారాల్లా గుడ్లు కనిపిస్తే గరుకు కప్పవి. అందుకే రాత్రి విన్న చోటికి పొద్దున ఒకసారి పోయి రమ్మంటాను.

ఇక ఎప్పుడు వెళ్లాలి. పుస్తకాల్లో జూన్ తొలకరి అని రాస్తారు, మన నెల్లూరుకి అసలు వాన ఈశాన్య రుతుపవనాలది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. మా రైతుల లెక్కలో చిత్త, స్వాతి, విశాఖ కార్తెలు. నారుమళ్లు పోసే రోజులూ కప్పల రోజులూ మా వైపు ఒకటే. పొదిలి, కనిగిరి వైపు మెట్టలో లెక్క వేరు, అక్కడ మొదటి గట్టి వాన ఎప్పుడు పడి కుంటలు నిండితే అప్పుడే పండగ, క్యాలెండరు చూడకండి, ఆకాశం చూడండి. నవంబరులో మనకి ఐదూముప్పావుకల్లా పొద్దుగూకుతుంది, ఆరుంపావు దాటాక మొదలుపెట్టొచ్చు, ఏడున్నరకి ఇంట్లో ఉండొచ్చు. ఈ మాట మీ అమ్మగారికి చెప్పండి, అర్ధరాత్రి పని అనుకుంటున్నారేమో.

అమెరికాలో ఫ్రాగ్‌వాచ్ అని ఇలాంటి కార్యక్రమమే ఒకటి 1998 నుంచి నడుస్తోంది, వాళ్ల వాలంటీర్ల పద్ధతి చాలా తేలిక. పొద్దుగూకిన అరగంటకో తర్వాతో వెళ్లి, రెండు నిమిషాలు కదలకుండా కూర్చుని, ఆ తర్వాత మూడు నిమిషాలు విని రాస్తారు. మీ కార్యక్రమం వాళ్లు ఎన్ని నిమిషాలని చెప్పారో అవే పాటించండి, మధ్యలో మార్చకండి, మారిస్తే ఈ ఏడు లెక్కకీ వచ్చే ఏడు లెక్కకీ పొంతన ఉండదు. నేను మాత్రం ముందు పది నిమిషాలు ఊరికే కూర్చుంటాను. మనం నడిచొచ్చిన అదురుకి దగ్గరున్న కప్పలు నోరు మూస్తాయి, అవి మళ్లీ మొదలుపెట్టేదాకా మనకు దూరానివే వినిపిస్తాయి. ఆస్ట్రేలియాలో అక్కడి మ్యూజియం వాళ్లు 2017లో ఫ్రాగ్ఐడీ అనే యాప్ పెట్టారు, జనం ఫోన్లో రికార్డు చేసి పంపితే నిపుణులు విని ఏ కప్పో చెప్తారు. అంటే మీ చేతిలో ఉన్న ఫోనే సరిపోతుంది, మైకులు కొనక్కర్లేదు. రికార్డు మొదట్లోనే తేదీ, టైము, ఊరు మీ గొంతుతో చెప్పండి, తర్వాత ఫైళ్లు కలిసిపోవు.

ఎన్ని అరుస్తున్నాయో తలలు లెక్కపెట్టలేం కాబట్టి ఒక్కో జాతికి 0 నుంచి 3 దాకా అంకె వేస్తారు. ఒక్కొక్కటిగా విడివిడిగా వినిపించి మధ్యలో నిశ్శబ్దం ఉంటే 1. ఒకదాని మీద ఒకటి పడుతున్నా విడదీయగలిగితే 2. ఎక్కడా సందు లేకుండా కలిసిపోతే 3. అసలు లేకపోతే 0.

ఆ 0 దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే నేను చేసిన తప్పు అక్కడే ఉంది. మా ఊరికి కిలోమీటరు దూరంలో రోడ్డు పక్కన ఒక గుంట ఉండేది, ఎకరం కూడా ఉండదు, చుట్టూ తుమ్మచెట్లు, ఒక పక్క తాటితోపు. మొదటి రెండేళ్లు అక్కడ కప్పలు బాగా అరిచిన రాత్రులు మాత్రమే రాసుకున్నాను. ఏమీ వినిపించని రోజు సైకిల్ తిప్పుకుని ఇంటికొచ్చేసేవాణ్ణి, నోటుబుక్కు తీసేవాణ్ణి కూడా కాదు. మూడో ఏడు ఆ గుంటకి గ్రావెల్ తోలడం మొదలైంది, ప్లాట్లు వేయడానికి. ఆ గుంట ఊరికే నీళ్లు నిలిచే పల్లం, అందులో ఏ ప్రాణీ లేదు అన్నారు. నేను నోటుబుక్కు పట్టుకుని మాట్లాడదామని పోతే ఎదుటివాళ్లు అడిగిన మొదటి మాట, మీరు ఎన్నిసార్లు వెళ్లారు, ఎన్నిసార్లు విన్నారు అని. నా దగ్గర తొమ్మిది రాత్రుల లెక్క ఉంది, ఆ తొమ్మిదీ ఎన్నింట్లో తొమ్మిదో చెప్పలేకపోయాను. అప్పటికే నీళ్లు తగ్గుతున్నాయా, బోదురు కప్పలు ముందే పోయాయా, ఏదీ చూపించలేకపోయాను. లెక్క సరిగ్గా ఉన్నా గుంట ఆగేదని చెప్పలేను. కానీ ఆ గుంటలో ఏముండేదో ఇవాళ చెప్పడానికి ఆ తొమ్మిది పేజీలు తప్ప ఇంకేం లేవు, వాటికి కూడా కాళ్లు లేవు.

అప్పట్నుంచి వెళ్లిన ప్రతి సాయంత్రం రాస్తున్నాను. 2021 నవంబరులో పెన్నకు వరదొచ్చి మా పల్లెల్లో కయ్యల మీద ఇసుక మేటలు వేసి పోయింది కదా, ఆ తర్వాత నా పేజీలో వరసగా నాలుగు సాయంత్రాలు అన్ని జాతులకీ 0 అని ఉంటుంది. ఐదో సాయంత్రం సయనోఫ్లిక్టిస్ 1. మైక్రోహైలా ఎనిమిదోసారికి వచ్చింది. ఏది ముందు తిరిగొచ్చిందో నాకు తెలిసిందంటే ఆ నాలుగు సున్నాల పుణ్యమే. మీరు వెళ్లి గంట కూర్చుని ఏమీ వినకుండా తిరిగొస్తే ఆ సాయంత్రం పోయిందనుకోకండి, టైము, గాలి, తడి, నీటి మట్టం రాసి, పక్కన 0 వేసి రండి. ప్రపంచం మొత్తం మీద కప్పలూ సాలమాండర్ల లాంటి ఉభయచరాల్లో 41 శాతం జాతులు ముప్పులో ఉన్నాయని 2023లో తేల్చారు, భూమి మీద వెన్నెముక ఉన్న జంతువుల్లో ఇంత దెబ్బ తిన్న గుంపు ఇంకోటి లేదు. మన చెరువు కప్పలు చాలామటుకు ఇంకా ఆ ముప్పు జాబితాలో లేవు. లేనప్పుడే రాసి పెట్టాలి. తీరం వైపు రొయ్యల గుంటలు పెరిగిన చోట పాత కయ్యల్లో ఏం వినిపించేదో మా తరం రాయలేదు, కప్ప చర్మానికి ఉప్పునీరు పడదని తెలిసి కూడా రాయలేదు.

పాముల సంగతి. మీ అమ్మగారి భయం న్యాయమైనదే, కొట్టిపారేయకండి. కప్పలున్న చోటికి పాములొస్తాయి. నీటి ఒడ్డున ఎక్కువగా కనిపించేది నీరుకట్టె, విషం లేదు. కానీ కట్లపాము రాత్రుళ్లే తిరుగుతుంది, రక్తపింజరి గడ్డిలో కదలకుండా పడుకుంటుంది. మోకాళ్ల దాకా వచ్చే గమ్‌బూట్లు వేసుకోండి, నడుస్తున్నంత సేపూ టార్చి వెలుగు కాళ్ల ముందే ఉండాలి, కూర్చున్నాకే ఆర్పాలి. చేతులు గడ్డిలో, రాళ్ల సందుల్లో పెట్టొద్దు. నేల మీద కూర్చోవద్దు, ప్లాస్టిక్ స్టూలు తీసుకెళ్లండి. ఒకవేళ కాటు పడితే కట్లు కట్టడం, కోయడం, మంత్రం ఏదీ వద్దు, 108కి ఫోను చేసి నేరుగా పెద్దాసుపత్రికి, విరుగుడు ఇంజెక్షన్ ఉన్న చోటికి వెళ్లడమే. పన్నెండేళ్లలో నాకు ఆ అవసరం రాలేదు, కానీ ప్రతిసారీ అది గుర్తుపెట్టుకునే వెళ్తాను.

నిజం చెప్పాలంటే పాముల కంటే నేను ఎక్కువ భయపడేది కరెంటు తీగలకి. అడవిపందుల కోసం పొలాల చుట్టూ తీగలు లాగి కరెంటు పెట్టేవాళ్లున్నారు, ఉదయగిరి వైపు, ప్రకాశం మెట్టలో మరీను. తెలియని పొలంలోకి చీకట్లో అడుగు పెట్టొద్దు. పగలు ఒకసారి వెళ్లి దారి చూసుకోండి, గట్టు లేని నేలబావులు ఎక్కడున్నాయో చూసుకోండి, కయ్య ఎవరిదో వాళ్లకి చెప్పండి. చెప్పకపోతే ఇంకో ఇబ్బంది ఉంది. మోటార్ల దగ్గర రాగి వైర్ల దొంగతనాలు జరుగుతుంటాయి, చీకట్లో టార్చి కనిపిస్తే జనం కర్రలు పట్టుకుని వస్తారు, నా దగ్గరికీ ఒకసారి వచ్చారు. ఇప్పుడు వాళ్లే ఫోను చేసి "సార్, మా తూము దగ్గర మేక కప్ప అరుస్తోంది" అని చెప్తారు. ఉరుములు మొదలైతే కట్ట దిగి ఇంటికెళ్లిపోండి, లెక్క రేపు రాయొచ్చు. ఒంటరిగా మాత్రం వెళ్లకండి, నాన్నగారినో తమ్ముణ్ణో తీసుకెళ్లండి, రెండో మనిషికి టైము చూసే పని ఇస్తే మీ చెవులకి తీరిక.

దోమల క్రీము రాసుకున్న చేతులతో కప్పల్ని ముట్టుకోవద్దు, వాటి చర్మం నీళ్లనే కాదు మందుల్ని కూడా పీల్చుకుంటుంది. అసలు పట్టుకోవాల్సిన అవసరమే లేదు, వినడానికేగా వెళ్లేది. గరుకు కప్పని తాకితే పులిపిర్లొస్తాయనేది అబద్ధం, అయితే దాని గ్రంథుల్లో విషం ఉన్న మాట నిజం, తాకితే చేతులు కడుక్కుని తీరాలి, కళ్లు నలుపుకోవద్దు. మీరు కట్ట మీద కూర్చుంటే పెద్దవాళ్లు వచ్చి "కప్పలరిస్తే వానొస్తుందా" అని అడుగుతారు. కరువొస్తే రోకలికి కప్పని కట్టి కప్పతల్లి అని ఇంటింటికీ తిప్పి నీళ్లు పోయించే ఆచారం మనది, ఆ నమ్మకాన్ని వెక్కిరించకండి. గాలిలో తడి పెరిగితే కొన్ని ముందే గొంతు విప్పుతాయి, ఎక్కువ భాగం వాన పడ్డాకే అరుస్తాయి, అంతవరకు చెప్పండి. వాళ్లు చిన్నప్పుడు విన్న గొంతులేవో అడగండి, ఆ మాటలు కూడా పేజీలో రాయండి.

ఇక మీ రికార్డింగ్. మొదటి సెకను నుంచి చివరి దాకా సందు లేకుండా ఉన్నది మైక్రోహైలా ఆర్నేటా, 3 వేయండి. 9వ సెకను నుంచి 22 దాకా వెనకాల సన్నగా సాగిన కుర్ర్ర్ గరుకు కప్ప, ఒక్కటే, దూరంగా ఉంది, 1. 26 దగ్గర ఒక చర్ర్ ఉంది, సయనోఫ్లిక్టిస్, 1. చూశారా, ఒక్కటీ రాయలేకపోయిన రాత్రి మీ ఫోన్లో మూడు జాతులున్నాయి. ఇప్పుడు ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఈ సెకన్లు చూస్తూ మళ్లీ వినండి.

34వ సెకను దగ్గర టక్, టక్ అని రెండుసార్లు వస్తుంది, అది నేను తేల్చలేకపోయాను. చెట్టుకప్ప కావచ్చు, దగ్గర్లో గోడ ఉంటే బల్లి కూడా కావచ్చు, రెండూ రెండు టక్కుల్లో ఒకలాగే ఉంటాయి. మీరు కూర్చున్న చోటికి ఎడమ పక్క మోటారు షెడ్డుందా? పొద్దున వెళ్లి దాని తొట్టి గోడల మీద నురగ గూడేమైనా ఉందేమో చూడండి. లేకపోతే ఈ ఆదివారం అదే చోట, అదే టైముకి, స్టూలు అదే వైపు తిప్పి కూర్చోండి. ఆ టక్‌టక్ మళ్లీ వస్తే ఫోను దానివైపు పెట్టి కనీసం రెండు నిమిషాలు తీసి నాకు పంపండి. రాకపోతే దాని ఎదురుగా 0 వేసి ఆ పేజీ ఫొటో పంపండి.